మొదటి వైరు కాండానికే

నర్సరీలో కొన్న చిన్న జూనిపర్ అనే సూదాకుల మొక్కని బోన్సాయ్‌గా, అంటే కుండీలో పెంచే పొట్టి చెట్టుగా, మలచాలనుకునేవాళ్ళకి మొదటి ఏడాది పని ఒకటే అని నా గట్టి నమ్మకం. కాండం కింది భాగానికి వైరు చుట్టి దానికో మంచి వంపు ఇవ్వాలి. కొమ్మల్ని అంతస్తులుగా దిద్దడం, పైభాగాన్ని గుండ్రంగా తీర్చడం, వేర్లు కత్తిరించి పింగాణీ తొట్టిలోకి మార్చడం, ఇవన్నీ వచ్చే ఏడాదికో ఆ పై ఏడాదికో వాయిదా వెయ్యాలి. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు. వైరు చేతిలోకి వచ్చాక ఒక్క కాండంతో ఆగడం ఎవరికైనా కష్టమే. అయినా రాయాలనిపించింది, ఎందుకంటే ఏటా వసంతంలో ఎంతోమంది ఉత్సాహంగా మొదలుపెట్టి, వేసవి దాటకుండానే ఎండిన మొక్కని పారేసి "నా చేతిలో మొక్కలు బతకవు" అని మానేస్తున్నారు. వాళ్ళ చేతిలో లోపమేమీ లేదు. వాళ్ళకి నేర్పిన వరసలోనే లోపం ఉంది.

నేనుండేది ఉత్తర వర్జీనియాలో. చలి తగ్గుముఖం పట్టగానే ఇక్కడ బోన్సాయ్ వర్క్‌షాపులు మొదలవుతాయి. అలాంటి ఒకదానికి నేనూ వెళ్ళాను. తలా ఒక జూనిపర్ మొక్క, రెండు మూడు సైజుల వైరు, ఒక కత్తెర, ఒక తొట్టి ఇచ్చారు. మధ్యాహ్నం అయ్యేసరికి మూడింట రెండొంతుల ఆకు నేలపాలయింది, మిగిలిన ప్రతి కొమ్మకీ వైరు ఎక్కింది, వేర్లు సగానికి తెగాయి, మొక్క లోతులేని తొట్టిలోకి చేరింది, పైన పచ్చటి నాచు పరిచారు. అందరూ ఫోటోలు దిగారు. చూడ్డానికి నిజంగానే ముద్దుగా ఉన్నాయి. నేను మాత్రం కాండానికి వైరు చుట్టి, లోపలి ఎండు రెమ్మలు ఏరేసి, నల్ల ప్లాస్టిక్ కుండీతో సహా ఇంటికి తీసుకెళ్తానన్నాను. నేర్పే ఆయన "ఇలా అయితే మీకు బోన్సాయ్ ఎప్పటికి తయారవుతుంది?" అని అడిగారు. నాలుగైదేళ్ళు పట్టొచ్చన్నాను.

ఆ వేసవిలో మా వాట్సాప్ గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు గోధుమరంగుకి తిరిగిన మొక్కల ఫోటోలు పెట్టారు. "నీళ్ళు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా?" అని అందరిదీ ఒకటే టెన్షన్. అవి చూస్తుంటే నాకు చాలా బాధేసింది. తప్పు నీళ్ళది కాదు. ఆకు, వేరు, కొమ్మ, మూడింటి మీదా ఒకే రోజున చెయ్యి పడింది. వీటిలో ఏ ఒక్కదాన్నైనా ఆరోగ్యంగా ఉన్న జూనిపర్ తట్టుకుంటుంది. మూడూ ఒకేసారి మీద పడితే కోలుకోవడానికి దాని దగ్గర సరుకు మిగలదు.

ఎందుకు మిగలదో కాస్త చెప్పాలి. మనం చిన్నప్పట్నుంచి చూసిన చెట్లు వేరు. వేప కొమ్మ నరికితే కొన్నాళ్ళకే మోడు చుట్టూ చిగుళ్ళు వచ్చేస్తాయి. రావి, జువ్వి కూడా అంతే. అందుకే మనకి కత్తెరంటే భయం లేదు. జూనిపర్ ఆ జాతి కాదు. పచ్చదనం పూర్తిగా పోయిన కొమ్మ మళ్ళీ చిగురించదు, ఎండిపోతుంది. పైగా అది తన బలంలో పెద్ద భాగాన్ని ఆకులోనే దాచుకుంటుంది. ఆకు దూసేస్తే కొత్త వేర్లు పుట్టించే శక్తిని కూడా దూసేసినట్టే. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో లింగ్నాన్ అనే పద్ధతి ఉంది. అందులో ప్రధానంగా కత్తెరతోనే, కత్తిరించి, పెరగనిచ్చి, మళ్ళీ కత్తిరించి, కొమ్మకి మలుపులు తెస్తారు. చాలా అందమైన పద్ధతి, నాకు ఎంతో ఇష్టం. కానీ అది మోడు నుంచి చిగురించే చెట్లకే కుదురుతుంది. సూదాకుల చెట్లకి వైరు తప్పదు. కాబట్టి వైరు వెయ్యాలా వద్దా అన్నది కాదు గొడవ. ఎక్కడ వెయ్యాలి, ఏది ముందు అన్నదే.

ఇంకో సంగతి. జూనిపర్ చచ్చిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. పండగల సీజన్లో రోడ్డు పక్కన, షాపింగ్ సెంటర్లలో గులకరాళ్ళు జిగురుతో అంటించి అమ్మే చిన్న చిన్న జూనిపర్లలో కొన్ని కొనేనాటికే ప్రాణం పోయినవి ఉంటాయి. కొన్నాయన ఇంటికి తెచ్చి, టీవీ పక్కన పెట్టి, రోజూ నీళ్ళు పోసి, అది ఎండిపోయాక తన వల్లే పోయిందనుకుంటాడు. కొనేముందు రెమ్మని వేళ్ళ మధ్య పెట్టి వంచి చూడండి. బతికున్నది మెత్తగా వంగుతుంది, పోయింది పెళుసుగా గరగరలాడుతుంది. బతికున్నది దొరికినా సరే, దాని చోటు ఆరుబయటే. దానికి ఎండ కావాలి, గాలి కావాలి, ఏడాదికోసారి చలికాలపు నిద్ర కావాలి. ఇంట్లో ఈ మూడూ దొరకవు.

నా సలహా ఏమిటంటే బోన్సాయ్ అని రాసి ఉన్న మొక్కే కొనక్కర్లేదు. ఇంటి ముందు తోటలో నాటుకోవడానికి అమ్మే మామూలు జూనిపర్ మొక్కల వరసలోకి వెళ్ళండి. ప్రొకంబెన్స్ నానా అనే రకం ఇక్కడ దాదాపు అన్ని నర్సరీల్లో ఉంటుంది. జపాన్ నుంచి వచ్చిన రకం, నేలబారుగా పాకుతుంది, ఆకు చిన్నగా సూదుల్లా దట్టంగా ఉంటుంది, కాస్త అశ్రద్ధని కూడా ఓర్చుకుంటుంది.

ఇక కాండం దగ్గరికి వద్దాం, ఈ వ్యాసం రాసిందే దానికోసం.

మొక్కై వంగనిది మానై వంగునా అన్న మాట జూనిపర్ మొదలు విషయంలో అక్షరాలా నిజం. పెన్సిల్ లావున్న కాండాన్ని రెండు బొటనవేళ్ళతో వంచొచ్చు. అదే నాలుగైదేళ్ళకి బొటనవేలంత అయిందంటే దానికి తడిపిన రాఫియా నార చుట్టాలి, బిగింపు జాకీలు పెట్టాలి, అవసరమైతే లోపలి చెక్కని చీల్చాలి. అవి అనుభవం ఉన్నవాళ్ళ పనులు, అప్పుడు కూడా విరిగే ప్రమాదం పోదు. కొమ్మల సంగతి అలా కాదు. కొమ్మని మనం ఎప్పటికప్పుడు కత్తిరిస్తూ సన్నగానే ఉంచుతాం కాబట్టి అది పదేళ్ళ తర్వాతైనా వైరుకి లొంగుతుంది. నచ్చని కొమ్మని తీసేసి పక్క రెమ్మని దాని స్థానంలోకి పెంచుకోవచ్చు కూడా. అంటే కొమ్మ విషయంలో కాలం మన పక్షాన ఉంది, కాండం విషయంలో మనకి ఎదురుగా ఉంది. మరి మొదటి రోజు మన ఓపికంతా కొమ్మల మీద పెట్టి, కాండాన్ని ఎలా ఉన్నదాన్ని అలా వదిలెయ్యడం ఏం లెక్క?

చూసేవాళ్ళ కన్ను కూడా మొదలు దగ్గరే మొదలవుతుంది. మట్టిలోంచి లేచిన చోటు నుంచి మొదటి కొమ్మ దాకా ఉన్న ఆ జానెడు కాండమే చెట్టు వయసు చెబుతుంది. అక్కడ గీత గీసినట్టు నిటారుగా ఉండి, పైనెక్కడో మెలికలు మొదలైతే ఎన్నేళ్ళు పెంచినా కుదరదు. జపాన్‌లో షికోకు దీవి మీద, తకమత్సు నగరం దగ్గర కినాషి అనే ఊరుంది. తరాలుగా పైన్ బోన్సాయ్ పెంచడమే అక్కడివాళ్ళ బతుకుతెరువు. నల్ల పైన్ నారుని పొలాల్లో వరసలుగా నాటి, లేతగా ఉండగానే కాండానికి వైరు చుట్టి వంపులు తిప్పుతారు. కొమ్మల ముచ్చట ఆ తర్వాత ఏళ్ళకి. షింపాకు జూనిపర్ పెంచేవాళ్ళు కూడా కొమ్మ నాటి వేరు పట్టించిన మొక్క పెన్సిల్ కన్నా సన్నగా ఉన్నప్పుడే మెలిపెడతారు. ఈ పని మీదే బతికేవాళ్ళు పాటించే వరస అది. సరదాగా నేర్చుకునే మనకి తలకిందుల వరస ఎందుకు నేర్పుతున్నారో నాకు అర్థం కాదు.

వైరు పట్టుకునేముందు మొక్కని చూడాలి. చూడ్డానికే ఒక సాయంత్రం కేటాయించండి. నర్సరీ కుండీలో పైన కనిపించే మట్టి నిజమైన నేల కాదు. చాలాసార్లు కాండం అసలు మొదలు రెండంగుళాల కింద కప్పబడిపోయి ఉంటుంది. చాప్‌స్టిక్ లాంటి మొద్దు పుల్లతో మట్టిని మెల్లగా పక్కకి తోస్తూ దిగితే, ఒకచోట కాండం ఒక్కసారిగా వెడల్పయి, నాలుగు వైపులా వేర్లు పరుచుకోవడం కనిపిస్తుంది. దాన్నే జపాన్‌వాళ్ళు నెబరి అంటారు. పెన్సిల్ అనుకున్న కాండం అక్కడ వేలంత లావుండటం, ముదురు బెరడు పొరలు పొరలుగా లేచి ఉండటం చూస్తే మనసు నిండిపోతుంది. ఆ వేర్లు బాగా కనిపించే వైపు చెట్టుకి ముఖం అవుతుంది.

ప్రొకంబెన్స్ పాకే రకం కదా, మొదలు నుంచి నాలుగైదు కాండాలు బయల్దేరతాయి. వాటిలో ఏది కాండం, ఏవి కొమ్మలు అన్నది మీరే తేల్చుకోవాలి. పైకి పోతూ క్రమంగా సన్నబడేది, అప్పటికే కాస్త మెలిక ఉన్నది నాకు నచ్చుతుంది. తేల్చుకున్నాక మిగతావి వెంటనే కొట్టెయ్యొద్దు. నేను ఉంచాలనుకున్నదానికి ఎర్ర ఊలు దారం కట్టి, మిగిలినవాటి చివర్లు మాత్రం కాస్త తుంచి వదిలేస్తాను. చివరికి తీసేసే కొమ్మ కూడా ఉన్నన్నాళ్ళూ వేరుకి తిండి పెడుతుంది, మొదలుని లావు చేస్తుంది. మొదటి ఏడాది మొత్తం మీద మూడో వంతు కన్నా ఎక్కువ పచ్చదనం తియ్యకూడదన్నది అందరూ చెప్పే పరిమితి. నేనైతే అంత కూడా వద్దంటాను. సందుల్లో ఎండిపోయినవి, కొమ్మల లోపలి వైపున వెలుతురు అందక పాలిపోయినవి తీసేస్తే వైరు వెళ్ళే దారి ఏర్పడుతుంది, అంత చాలు.

వైరులో రెండు రకాలు. కాల్చి మెత్తబరిచిన రాగి, గోధుమరంగు పూసిన అల్యూమినియం. రాగి సన్నగా ఉండి గట్టిగా పట్టుకుంటుంది, సూదాకుల చెట్లకి పెద్దవాళ్ళంతా అదే వాడతారు. కానీ ఒకసారి వంచగానే గట్టిపడిపోతుంది, సవరించుకునే వీలివ్వదు. కొత్తవాళ్ళకి అల్యూమినియమే మేలు. లావు ఎంత అంటే, వంచబోయే చోట కాండం మందంలో మూడో వంతు అని ఒక అంచనా. పెన్సిలంత కాండానికి 3 మిల్లీమీటర్లది సరిపోవచ్చు. వేలితో వైరుని నెట్టి చూస్తే కాండం కన్నా అది మొండిగా ఉండాలి. చాలకపోతే ఇంకోటి దాని పక్కనే, ఒకదానికొకటి ఆనుకునేలా చుట్టాలి. ఒకదాని మీదుగా ఒకటి దాటితే దాటిన చోట బెరడు నలుగుతుంది. పొడవు కాండం కన్నా సగం ఎక్కువ తీసుకుంటే మధ్యలో చాలక ఇబ్బంది పడక్కర్లేదు.

వైరు మొదటి కొసని చెట్టు వెనకవైపు, వేర్ల పక్కన మట్టిలోకి నిలువుగా లోతుగా దింపాలి. ఆ పట్టు కదిలిందంటే పైన ఎంత అందంగా చుట్టినా వృథా. అక్కడి నుంచి ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల వాలులో పైకి తీసుకెళ్ళాలి. చుట్లు మరీ దగ్గరగా ఉంటే వైరుకి బలం ఉండదు, మరీ దూరమైతే వంపు తిరక్కుండా ఒకచోట మడతపడుతుంది. ఎడమచేత్తో అప్పటికే వేసిన చుట్టుని అదిమి పట్టుకుని, కుడిచేత్తో తర్వాతది వెయ్యాలి. వైరు బెరడుని తాకుతూ ఉండాలి, కొరుకుతూ ఉండకూడదు. మధ్యలో చిన్న రెమ్మలు చిక్కుకుంటాయి, ఓపిగ్గా ఒక్కొక్కటే పక్కకి తీసి ముందుకెళ్ళాలి. ఏ వైపు చుట్టామో ఆ వైపుకే కాండాన్ని కొంచెం మెలితిప్పుతూ వంచితే వైరు బిగుసుకుంటుంది, ఎదురు తిప్పితే వదులైపోతుంది.

వంచడం అన్నిటికన్నా మెల్లగా సాగాల్సిన పని. బొటనవేళ్ళు రెండూ వంపు లోపలివైపు, మిగతా వేళ్ళు బయటివైపు. వంపు బయటి అంచు మీద వైరు ఉందో లేదో ముందే చూసుకోవాలి, విరిగేది అక్కడే కాబట్టి. కొంచెం వంచి, వదిలి, మళ్ళీ కొంచెం. చేతికింద కాండం మొదట ఎదురు తిరుగుతుంది, తర్వాత మెత్తబడుతుంది, ఆ మార్పు వేళ్ళకి స్పష్టంగా తెలుస్తుంది. చిటుక్కుమని సన్నగా వినిపిస్తే అక్కడే ఆగిపోవాలి. వెనక్కి లాగకూడదు, అదే స్థితిలో ఉంచి బెరడు చిట్లిన చోట చెట్టు గాయాలకి రాసే పేస్టు పూసి వదిలేస్తే చాలావరకు మానుతుంది. మొదటి వంపు మట్టికి వీలైనంత దగ్గరగా ఉండాలి, ఆ పైన వచ్చేవి ఒక్కోటీ ముందుదానికన్నా చిన్నవి కావాలి. ఒకే తలంలో కుడి ఎడమలుగా తిప్పితే బల్ల మీద పరిచిన ముగ్గు గీతలా తయారవుతుంది, కాబట్టి ఒక వంపు ముందుకీ ఒకటి వెనక్కీ కూడా పోవాలి. పై నుంచి చూసుకుంటూ వంచితే ఇది తేలిగ్గా పట్టుబడుతుంది.

మా ప్రాంతంలో ఈ పనికి ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మధ్య వరకు మంచి సమయం. గడ్డకట్టే చలిలో కొమ్మ పెళుసుగా ఉంటుంది. చిగురు జోరుగా వస్తున్నప్పుడు బెరడు లోపలి పొర జారుతుంది, మెలిపెడితే చెక్క నుంచి ఊడివస్తుంది. పనయ్యాక కొన్ని వారాలు తీవ్రమైన ఎండా గాలీ తగలని చోట ఉంచి, మామూలుగా నీళ్ళు పొయ్యడం తప్ప ఏమీ చెయ్యక్కర్లేదు. కుండీ మార్చడం ఆ ఏడాది మాటే ఎత్తొద్దు.

ఒకసారి వేసవికి ఇండియా నుంచి మా అత్తయ్య వచ్చారు. డెక్ మీద వైరు చుట్టిన మొక్కని చూసి "అయ్యో, పసిమొక్కకి ఆ తీగలేంటమ్మా, ఊపిరాడొద్దూ దానికి?" అన్నారు. తర్వాత రెండు రోజులాగి "ఇంట్లో పొట్టి చెట్టుంటే ఇంటికి ఎదుగుదల ఉండదంటారు, తెలుసా?" అని కూడా అన్నారు. బోన్సాయ్ మాట ఎత్తినప్పుడల్లా మన ఇళ్ళల్లో ఈ రెండూ వినిపిస్తాయి, కొట్టిపారెయ్యడం నాకిష్టం లేదు. మొక్క మీద జాలిపడే మనసు మంచి మనసు. అందుకే కూర్చోబెట్టి చెప్పాను. "అత్తయ్యా, ఇది పుత్తూరు కట్టు లాంటిది. ఎముక అతుక్కునేదాకా కదలకుండా పట్టుకుంటారు, అతుక్కున్నాక విప్పేస్తారు. ఇదీ అంతే." వంచినప్పుడు చెక్క లోపల కంటికి కనపడని సన్నటి చీలికలు వస్తాయి. ఆ సీజన్లో పెరిగే కొత్త చెక్క పొర వాటిని కప్పుతూ ఆ వంపులోనే గట్టిపడుతుంది. అది జరిగాక వైరుతో పని లేదు. చెట్టుకి ఎదుగుదల ఆగదు, ఆగితే వంపు నిలవనే నిలవదు. ఎదుగుతున్న చెట్టుకే వైరు పనిచేస్తుంది.

సూదాకుల చెట్లకి ఈ కట్టు ఎక్కువకాలం ఉంచాల్సి రావడానికి కూడా ఒక కారణం ఉంది. వాలిన కాండం అడుగువైపున అవి ఒక ప్రత్యేకమైన చెక్కని పెంచుకుంటాయి, అది కాండాన్ని మళ్ళీ పైకి నెడుతుంది. కొండవాలున పుట్టిన పైన్ చెట్టు మొదట్లో వంగి, తర్వాత నిటారుగా లేచేది దానివల్లే. కాబట్టి కుండీలోని జూనిపర్ కూడా మొదటి వైరు తియ్యగానే కొంత వెనక్కి లేస్తుంది. అప్పుడు రెండోసారి చుట్టడం మామూలే.

ఆ వేసవిలోనే అత్తయ్యని వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బోరీటమ్‌కి తీసుకెళ్ళాను. డీసీ చూడ్డానికొచ్చే మనవాళ్ళు కాపిటల్, లింకన్ మెమోరియల్, విమానాల మ్యూజియం చూసి వెళ్ళిపోతారు. ఈ తోటలో 1976లో మొదలైన బోన్సాయ్ మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం, దయచేసి వెళ్ళండి. అక్కడ యమకి పైన్ అనే తెల్ల పైన్ ఉంది. 1625 నుంచి మనుషుల చేతుల్లో పెరుగుతోంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడినప్పుడు అది ఆ ఊళ్ళోనే, యమకి కుటుంబం ఇంటి ఆవరణలో, గోడ చాటున ఉండి బతికింది. 1976లో అమెరికాకి కానుకగా వచ్చింది. ఆ ఇంటి మనవలు 2001లో చూడ్డానికొచ్చి చెప్పేదాకా దాని హిరోషిమా కథ ఇక్కడివాళ్ళకి తెలియదు. దానికి కొంచెం అవతల గోషిన్ ఉంటుంది. జాన్ నాకా అనే జపనీస్ అమెరికన్ గురువు పదకొండు ఫోమినా జూనిపర్లతో కూర్చిన అడవి, తన పదకొండుమంది మనవలకి ఒక్కో చెట్టు. 1984లో మ్యూజియానికి ఇచ్చేశారు. దాని ముందు నిలబడితే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

అత్తయ్య ఒక పాత జూనిపర్ దగ్గర ఆగి, ముందుకి వంగి, రెమ్మల చివర్ల సన్నటి రాగి తీగని చూపించి "ఇంత వయసొచ్చినా ఇంకా కట్లు కడుతున్నారేంటమ్మా?" అన్నారు. నేను ఏళ్ళుగా చెప్పాలని చూస్తున్నది ఆవిడ ఒక్క చూపులో పట్టుకున్నారు. కొమ్మలకి ఎప్పుడైనా కట్టొచ్చు. వందేళ్ళ చెట్టుకీ కడతారు, వచ్చే ఏడాదీ కడతారు. ఆ చెట్టు కాండం మీద మాత్రం తీగ లేదు. అక్కడి వంపులు చెట్టు లేతగా ఉన్నప్పటివి, ఇప్పుడు ఎవరూ మార్చలేరు. కొమ్మలు కిందికి వాలి ఉండటం కూడా ఆవిడ గమనించారు. కొండల్లో ముసలి చెట్ల కొమ్మలు ఏళ్ళ తరబడి మంచు బరువుకి, సొంత బరువుకి అలా వాలిపోతాయి. కుర్ర చెట్ల కొమ్మలు పైకి చూస్తాయి. కుండీలో వయసు చూపించాలంటే కొమ్మని కాస్త కిందికి దించాలి. అది కూడా అందంగా నేర్చుకోవాల్సిన పనే, కానీ రెండో ఏడాది నేర్చుకుంటే ఏమీ నష్టం లేదు.

హింస మాటకొస్తే, అది వైరు చుట్టడంలో లేదు, చుట్టి మర్చిపోవడంలో ఉంది. మే నెల నుంచి కాండం లావవుతుంది. వైరు రెండు వైపులా బెరడు ఉబ్బినట్టు కనిపిస్తే తియ్యాల్సిన రోజు వచ్చినట్టే. ఇంకా వదిలేస్తే లోపలికి దిగిపోయి మెలికల మచ్చ పడుతుంది, పైన్ చెట్లకైతే అది మానడానికి చాలా ఏళ్ళు పడుతుంది. షింపాకు పెంచేవాళ్ళలో కొందరు మెలికలు త్వరగా రావాలని కావాలనే వైరుని లోపలికి దిగనిస్తారు. వాళ్ళ లెక్క వేరు, వాళ్ళ దగ్గర వందల మొక్కలుంటాయి, ఎక్కడ ఆపాలో తెలుసు. ఒక్క మొక్క ఉన్న మనం ఆ దారి పట్టకూడదు. తీసేటప్పుడు వైరుని వెనక్కి విప్పబోతే రెమ్మలు విరుగుతాయి. చిన్న కట్టర్‌తో చుట్టుకొక ముక్కగా కత్తిరించి రాల్చెయ్యాలి. డబ్బులకి చూసుకుని వైరు మిగుల్చుకోవాలనిపిస్తుంది, మొక్క కన్నా వైరు ఖరీదైంది కాదు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి చదివేవాళ్ళకి విడిగా ఒక మాట. జూనిపర్ మీద పంతం పట్టొద్దు. మన మైదానాల ఎండకి, చలికాలం లేకపోవడానికి అది నెమ్మదిగా నీరసిస్తుంది. బెంగళూరులో ఉన్నవాళ్ళకి కొంత నయం. మన కోస్తా అంతా పెరిగే సరుగుడు ఉంది కదా, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తోటలకి తోటలే. శాస్త్రం ప్రకారం అది పూలు పూసే జాతి, పైన్ కుటుంబానికి చెందదు. కానీ చూడ్డానికి అచ్చం సూదాకుల చెట్టే, వైరుకి చక్కగా లొంగుతుంది, తైవాన్‌లోనూ ఇండోనేషియాలోనూ దాంతో గొప్ప బోన్సాయ్‌లు చేస్తున్నారు. కడియం నర్సరీల వైపు వెళ్ళినప్పుడు అడిగి చూడండి, లేదా సరుగుడు నారు పోసే రైతు దగ్గర నాలుగు మొక్కలు తెచ్చుకోండి. వైరు కోసం కరెంటు సామాన్ల షాపులో సింగిల్ కోర్ రాగి తీగ తీసుకుని పైతొడుగు ఒలిచేస్తే సరిపోతుంది. సెంట్రింగ్ పనికి వాడే ఇనుప బైండింగ్ వైరు మాత్రం వద్దు, తుప్పు పడుతుంది, బెరడుని కోస్తుంది.

వరస అదే, కింది కాండం ముందు, కొమ్మలు తర్వాత. తేడా ఒక్క వేగంలోనే. మన ఎండకీ వానకీ సరుగుడు జూనిపర్ కన్నా చాలా త్వరగా లావవుతుంది, వైరు కొన్ని వారాల్లోనే బెరడులోకి దిగడం మొదలుపెడుతుంది. ప్రతి ఆదివారం కుండీని వెలుతురులోకి తిప్పి కింది చుట్లు చూసుకోండి. దిగుతున్నట్టు కనిపిస్తే వెంటనే కత్తిరించి తీసెయ్యండి. వంపు ఇంకా నిలవకపోతే కొత్త వైరు చుట్టండి, ఈసారి పాత గీతల మీద కాకుండా వాటి మధ్య ఖాళీలో.